బీటు పడేముందు ఖాళీ

ఫిబ్రవరి 3, సోమవారం

కొత్త పని వచ్చింది. డబ్బు రాని పని. బావకి చెబితే "నువ్వు ఉద్ధరించని సంస్థ ఇంకేదైనా మిగిలిందా బామ్మర్దీ?" అంటాడు. అందుకని ఇంకా చెప్పలేదు.

వచ్చినావిణ్ణి అందరూ అమ్మమ్మ అంటారట. చూస్తే నలభై అయిదు దాటి ఉండవు. మగపిల్లాడిగా పుట్టి, ఆడమనిషిగానే బతుకుతానని చెప్పి, పదిహేడో ఏట కట్టుబట్టలతో ఇల్లు వదిలిన మనిషి. ఇప్పుడు తనలాగే ఇళ్లలోంచి గెంటించుకున్నవాళ్లని ఒకచోట పెట్టుకుని సాకుతోంది. మగవాణ్ణి ప్రేమించిన మగవాళ్లు, ఆడదాన్ని ప్రేమించిన ఆడవాళ్లు, తనలాంటివాళ్లు. ఇల్లు చాలడం లేదు, పైన ఇంకో అంతస్తు వెయ్యాలి. దానికోసం నా స్టూడియోలో ఒక పాట చేసి అమ్ముతారట.

"ఏడుపు పాట వద్దు నాయనా. ఏడవడానికి మా ఇంట్లో ఎవరికీ పాట అక్కర్లేదు. డాన్స్ పాట కావాలి. వింటే ఎముకలు కదలాలి," అంది.

పాట ఆవిడే రాసుకొచ్చింది. 'తలుపు మూసిన వీధిలోనే డప్పు కొట్టి ఆడదాం' అని మొదలు. చివర్లో 'ఎవరున్నారు, ఎవరున్నారు' అని మూడుసార్లు అడిగి, వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో ఒక గొంతు, పాటగా కాదు, మామూలుగా, 'నేనూ ఉన్నాను' అంటుంది. అప్పుడు బీటు పడుతుంది. ఎప్పుడూ మైకు ముందు నిలబడని మనిషికి ఇది ఎలా తట్టిందో! డాన్స్ పాటకి ప్రాణమంతా బీటు పడేముందు వచ్చే ఆ ఖాళీలోనే ఉంటుంది. ఇది తెలుసుకోడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఎవరు పాడితే బాగుంటుంది అని అడిగింది. ఆలోచించకుండానే వాడి పేరు చెప్పేశాను. ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. "అంత పెద్ద గాయకుడు మా పాట పాడతాడా?" అంది.

పాడతాడు. నేనడిగితే పాడతాడు.

ఇందులో వాడి పేరు రాయను. అక్క ఎప్పుడైనా చదివితే? అక్క చదవదు. అయినా రాయను.

ఫిబ్రవరి 6

వాడికి చెప్పాను. నీళ్లు నమిలాడు.

"నేనే ఎందుకురా? జనం ఏమనుకుంటారు?"

"డాన్స్ పాట పాడావనుకుంటారు."

"అది కాదురా. ఇలాంటివి పాడితే వీడూ అదేనేమో అనుకోరూ?"

నువ్వు కాదా అని అడగలేదు. అలాంటివి అడగను. బాబాయిని కనుక్కుని చెబుతానన్నాడు. వాడి ప్రోగ్రాములూ డబ్బూ అన్నీ ఆ బాబాయి చేతుల్లోనే ఉంటాయి. స్టేజి మీద ఏ రంగు చొక్కా వెయ్యాలో కూడా ఆయనే చెబుతాడు.

ఫిబ్రవరి 7

బాబాయి ఒప్పుకున్నాడు. మంచి పేరొస్తుందట.

ఫిబ్రవరి 9, ఆదివారం

వచ్చాడు. ఆదివారాలు వస్తాడు. అక్కావాళ్ల పెరట్లో ఒకప్పుడు కారు పెట్టుకునే షెడ్డే నా స్టూడియో. తలుపు మీద ఎర్రలైటు వేస్తే రికార్డింగ్ జరుగుతోందని, లోపలికి ఎవరూ రారు. తొమ్మిదేళ్లుగా మా కాపురం ఆ ఎర్రలైటు కిందే. తలుపు దాటగానే నేను వాడికి అన్నని. "అన్నా, మళ్లీ వారం కలుద్దాం," అని అక్కకి వినపడేలా అంటాడు. లోపల 'ఒరేయ్'.

ఇవాళ కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, అదేదో కరెంటు బిల్లు సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారట.

"ఊరికే చూస్తున్నార్రా. చూస్తే అయిపోతుందా?"

నిజమే. చూస్తే అయిపోదు.

ఫిబ్రవరి 12

చూస్తే అయిపోదు.

ఫిబ్రవరి 15, శనివారం

రికార్డింగ్ అయింది. పాట అదిరింది. ఆ ఒక్క మాటే కుదరలేదు.

పొద్దున్న వాడు అందరికంటే ముందు వచ్చాడు. వచ్చేసరికి నేను మొహం మాడ్చుకుని కూర్చున్నాను. వాళ్లమ్మ ఎవరో అమ్మాయి ఫొటో పంపించిందని నిన్న ఫోన్లో చెప్పాడు మరి. "నీకేం, రేపు పెళ్లాం వస్తుంది, ఎల్లుండి పిల్లలొస్తారు. నాకెవరున్నారు, అక్కా బావా తప్ప?" అన్నాను. వాడు అద్దాల గదిలోకి వెళ్లి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. కోపంలో కూడా పని పనే కదా. "ఏదో ఒకటి మాట్లాడు, మైకులో గొంతు లెవెల్ చూసుకుంటా," అన్నాను. లెవెల్ చూసేటప్పుడు కూడా రికార్డు నొక్కి పెట్టడం నాకలవాటు. పనయ్యాక ఆ ముక్క చెరిపేస్తాను.

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. తిన్నావా, నిద్రపోయావా, ఏదో ఒకటి."

వాడు అద్దంలోంచి నన్నే చూస్తూ ఏదో అన్నాడు. అప్పటికే అమ్మమ్మ తన ఇంటివాళ్లని వెంటబెట్టుకుని లోపలికి వచ్చింది. వాళ్లు కోరస్ పాడటానికి వచ్చారు. ఆ హడావుడిలో నా కళ్లు మీటరు మీదున్నాయి తప్ప చెవులు వాడి మీద లేవు.

తర్వాత పల్లవీ చరణాలూ చకచకా పాడేశాడు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోయాడు. గంభీరంగా అన్నాడు, నవ్వుతూ అన్నాడు, గొంతు పెంచి అన్నాడు, తగ్గించి అన్నాడు. ఒక టేక్ పళ్లపొడి ప్రకటనలా ఉంది. అమ్మమ్మ ఇక ఉండబట్టలేక, "బాబూ, ఏమీ అనుకోకు. బస్సులో సీటు ఆపుకుంటున్నట్టుంది," అంది. కోరసు వాళ్లంతా పగలబడి నవ్వారు. వాడూ నవ్వాడు. వాడి మెడ మీద నరం నాకు కనపడింది.

ఎలాగోలా ఒకటి అతికిస్తాలే అన్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

వాడికి ప్రోగ్రాం ఉందట, రాలేదు. పని చేసుకున్నాను.

చెరిపేముందు ఆ లెవెల్ ముక్క విన్నాను. కుర్చీ కిర్రుమంది, వాడు గొంతు సవరించుకున్నాడు, తర్వాత చిన్నగా అన్నాడు: "ఎవరూ లేకపోవడమేంట్రా... నేనూ ఉన్నాను."

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. పెరట్లోకి వెళ్లి అక్క ఆరేసిన బట్టలన్నీ తీసి మడత పెట్టాను. సగం తడిగానే ఉన్నాయని అక్క తిట్టింది. మళ్లీ వచ్చి విన్నాను. తొమ్మిదేళ్లలో వాడు నాకు చాలా చెప్పాడు, ఇది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ముందు మాటలు కత్తిరించి, చివరి రెండూ ఆ ఖాళీలో పెట్టాను. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

ఫిబ్రవరి 17

అమ్మమ్మకి వినిపించాను. ఆ మాట వచ్చేసరికి ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. బీటు పడ్డాక కూడా తియ్యలేదు. "ఈ అబ్బాయి ఇది ఎప్పుడన్నాడు? మేమంతా ఉండగా అనలేదే?" అంది. మీరు అప్పుడే లోపలికి వస్తున్నారు అన్నాను. "ఇక దీన్ని ముట్టుకోకు నాయనా. పాటంతా ఇదే," అంది.

పాట కాపీ పట్టుకెళ్లింది. ఇంట్లో అందరూ భోజనాలు మానేసి మరీ ఆడారట.

ఫిబ్రవరి 18

సంతోషంగా ఉన్నాను. రాసిపెట్టుకోవడం మంచిది కదా.

ఫిబ్రవరి 20, గురువారం

పాట వినడానికి వచ్చాడు. ఎర్రలైటు వేశాను.

ముందు తల ఊపుతూ, కాలితో తాళం వేస్తూ విన్నాడు. మాట వచ్చింది. కాలు ఆగిపోయింది.

"ఇదెక్కడిది?"

"లెవెల్ చూసుకున్నప్పటిది."

"తీసెయ్."

"విను ఒకసారి. నువ్వు ఇంత బాగా ఎప్పుడూ..."

"ఒరేయ్, తీసెయ్ అన్నానా! అది విన్నవాడెవడికైనా తెలిసిపోతుంది. మా అమ్మ ఒక్కసారి వింటే చాలు." మొహం పాలిపోయింది. నేను వాణ్ణి పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని, మళ్లీ తనే నా చెయ్యి పట్టుకున్నాడు. "నా బతుకంతా గొంతు మీదే ఉందిరా. నీకు చెప్పాలా?"

సరే, తర్వాత తీసేస్తాలే అన్నాను. ఇప్పుడే అన్నాడు. తన ఎదురుగానే తియ్యమన్నాడు. తీశాను. అసలు రికార్డింగు కూడా చెరిపేయమన్నాడు. చెరిపేశాను. అమ్మమ్మ కాపీ వెనక్కి తెప్పించమన్నాడు. అదీ ఫోన్ చేసి చెప్పాను, కొత్తది పంపిస్తా, పాతది తీసెయ్యండి అని. నేను మాట్లాడుతున్నంతసేపూ పక్కన నిలబడి విన్నాడు.

వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "ఇంకెక్కడా కాపీల్లేవుగా?" అన్నాడు.

నన్ను. అడిగాడు.

ఫిబ్రవరి 21

లేవు. నిజంగానే లేవు.

ఫిబ్రవరి 22

అమ్మమ్మ వచ్చింది. కొత్తది విన్నది. 'ఎవరున్నారు' అని మూడుసార్లు అడిగాక, ఏమీ లేదు. ఉత్త ఖాళీ. తర్వాత బీటు. ఆ పళ్లపొడి టేక్ పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

"ఏమైంది?" అంది.

"టెక్నికల్ ప్రాబ్లం వచ్చిందండీ."

ఆవిడ చాలాసేపు నా మొహంలోకి చూసింది. తిడితే బాగుండేది. "మా ఇంట్లో ఉన్నవాళ్లందరికీ ఎక్కడో ఒకచోట ఆ టెక్నికల్ ప్రాబ్లమే వచ్చింది నాయనా," అని, నా భుజం తట్టి వెళ్లిపోయింది. నేను తల వంచుకుని తీగలు చుట్టుకుంటూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

రాలేదు. అలసిపోయి ఉంటాడు.

మార్చి 2, ఆదివారం

రాలేదు. ఇవాళ వస్తాడని గట్టిగా నమ్మాను. ఎందుకంటే వాడు అడిగిందల్లా చేశాను కదా. ఒక్క మాట ఎదురు చెప్పకుండా చేశాను. ఆ మాత్రం గుర్తుండదా? వంట చేశాను. పొద్దున్నే ఎర్రలైటు కూడా వేసేశాను. మధ్యాహ్నం దాకా కాలు కాలిన పిల్లిలా తిరిగి, మూడింటికి తినేశాను. ఫోన్ చెయ్యలేదు. వాడే చేస్తాడు.

లైటు ఆర్పడం మర్చిపోయాను. సాయంత్రం బావ పెరట్లోంచి, "ఏం బామ్మర్దీ, నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తున్నావా?" అని కేకేశాడు.

మార్చి 5, బుధవారం

పెళ్లి ఖాయమైంది. నాకు చెప్పింది వాడు కాదు, బావ. ఫోన్లో వార్త చూసి, "మీ తమ్ముడికి పెళ్లంటోయ్, మనకి పిలుపు రాలేదేం?" అన్నాడు. ఫొటో కూడా చూపించాడు. అమ్మాయి బాగుంది. వాడు నవ్వుతున్నాడు. అది నిజం నవ్వో కాదో నాకు తెలుసు కదా అనుకుని, ఫొటో పెద్దది చేసి చూశాను. తెలియలేదు.

స్టూడియోలోకి వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. ఏమీ వినడానికి కాదు. అక్క తలుపు తోసుకుని వచ్చింది. వెనక నిలబడింది. కొంచెంసేపటికి నా తల మీంచి హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, "ఇవి తీసి ఏడువు. తడిస్తే పాడైపోతాయి," అంది.

నేను బుకాయించబోయాను. అక్క వినలేదు.

"ఆ ఎర్రలైటు వెలిగిన ప్రతి ఆదివారం మీ బావని ఈ పెరట్లోకి రానివ్వకుండా కాపలా కాశానురా నేను. మొక్కలకి నీళ్లు పోస్తానంటే కూడా వద్దన్నాను. ఇన్నేళ్లలో నువ్వు వచ్చి ఒక్క మాట చెబుతావేమోనని చూశాను."

అక్క ఒళ్లో తలపెట్టి ఏడ్చాను. ముక్కు చీది ఆవిడ కొంగు పాడుచేశాను. నాకు నలభై ఒకటి.

మార్చి 6

ఇకనుంచి ఇందులో వాణ్ణి 'గాయకుడు' అనే రాస్తాను. పరాయివాళ్లని అలాగే కదా రాయాలి.

మార్చి 9, ఆదివారం

గాయకుడు వచ్చాడు. ఎర్రలైటు వెయ్యబోతే నేనే వద్దన్నాను. తలుపు తెరిచే ఉంచాను. గాయకుడు మాటిమాటికీ తలుపు వైపు చూస్తూ తగ్గు గొంతుతో మాట్లాడాడు.

"ఏమీ మారదురా. అమ్మ కోసం చేసుకుంటున్నా అంతే. ఆదివారాలు ఉంటాయిగా మనకి. రికార్డింగ్ అంటే ఎవరడుగుతారు?"

 వాడు నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎంత వెచ్చగా ఉంటుందో మర్చిపోయాను ఈ మూడు వారాల్లో.

వాడు వెళ్లాక ఆలోచించాను. ఇందులో తప్పేముంది? ఇప్పుడైనా నాకున్నవి ఆదివారాలే కదా. ఉన్నదేదీ పోవడం లేదు. వాడు భయస్తుడు, చెడ్డవాడు కాదు. ఆ అమ్మాయికి మిగిలిన ఆరు రోజులూ ఉంటాయి, నాకు ఒకటి. నేను ఆశపోతుని కాను. సర్దుకుపోవచ్చు. చాలామంది సర్దుకుపోతారు. అక్కకి చెప్పకపోతే సరి.

వాడు అని రాశాను. గాయకుడు.

మార్చి 14, శుక్రవారం

రేపు పాట విడుదల. ఇవాళ హాల్లో సౌండ్ చూసుకున్నాం.

స్టేజి మీద పాడేవాడికి హాలు వినపడదు. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు బిగించి ఉంటాయి. అందులో ఏం వినపడాలో, వెనక సౌండ్ బోర్డు దగ్గర కూర్చున్న నేను పంపిస్తాను. తాళం, కీబోర్డు, వాడి గొంతు వాడికే. నా దగ్గర చిన్న మైకు ఒకటుంటుంది. అందులో నేనేమన్నా వాడొక్కడికే వినపడుతుంది. ఇన్నేళ్లూ ప్రతి ప్రోగ్రాములోనూ పాట మొదలయ్యేముందు అందులో "ఊపిరి తీసుకో" అంటూ వచ్చాను. వాడు తీసుకునేవాడు.

ఖాళీ దగ్గర ఏం చెయ్యాలని గాయకుడు అడిగితే, ముందు వరసలోంచి బాబాయి, "మైకు జనం వైపు తిప్పేయ్, వాళ్లే అంటారు. చూడ్డానికి బాగుంటుంది," అన్నాడు. గాయకుడి భుజాలు ఒక్కసారి వదులయ్యాయి. అంత దూరం నుంచి కూడా నాకు కనపడింది.

ఆ అమ్మాయి కూడా వచ్చింది. స్కూల్లో లెక్కలు చెబుతుందట. నేరుగా నా దగ్గరికి వచ్చి, "మీరేనా ఆ అన్నయ్య? ఎప్పుడూ మీ గురించే చెబుతుంటారు," అంది. కూర్చోమన్నాను. బోర్డు మీద మీటలన్నీ దేనికని అడిగి తెలుసుకుంది. ఆవిణ్ణి ద్వేషిద్దామని ఎంతో ఆశపడ్డాను. ఎక్కడా పట్టు దొరకలేదు.

లేవబోతూ, కాస్త సిగ్గుపడుతూ అడిగింది. "ఆయన్ని మీకంటే ఎరిగినవాళ్లు లేరట. నేను తెలుసుకోవాల్సిందేమైనా ఉందా అన్నయ్యా?"

హాల్లో ఎవరో కుర్చీలు సర్దుతున్నారు. నాకు ఆ చప్పుడు ఒక్కటే వినపడింది.

"చల్లనీళ్లు పడవు. గొంతు పట్టేస్తుంది," అన్నాను.

బుద్ధిగా తలూపింది.

మార్చి 16, ఆదివారం

నిన్నటిది రాయాలి. పొద్దున్నించీ మూడుసార్లు కూర్చుని లేచాను.

సాయంత్రం నాలుగింటికి మొదలైంది. హాలు నిండింది. అక్కా బావా కూడా వచ్చారు. అక్క నా పక్కనే కూర్చుంది. అమ్మమ్మ ఇంటివాళ్లు స్టేజి ముందు కిక్కిరిసి నిలబడ్డారు. తళతళలాడే బట్టలు, రంగులు, కేకలు. పాటకి ముందు విలేకరులు ఏవో అడిగారు. ఈ పాట మీరే ఎందుకు పాడారు అని ఒకాయన అడిగాడు.

గాయకుడు మైకు తీసుకుని, "నాకు వ్యక్తిగతంగా దీంతో ఏ సంబంధమూ లేదండీ. కానీ వాళ్లూ మనుషులే కదా. మా అన్నలాంటి ఆయన అడిగితే కాదనలేకపోయాను," అన్నాడు. నావైపు చెయ్యి చూపించాడు. అందరూ తిరిగి చూసి చప్పట్లు కొట్టారు. నేను లేచి దణ్ణం పెట్టాను. పెట్టానట, అక్క చెప్పింది. నాకు గుర్తులేదు.

పాట మొదలయ్యేముందు "ఊపిరి తీసుకో" అన్నాను. అలవాటు. తీసుకున్నాడు.

ఆ ఖాళీలో, వాడి చెవిలో, చిన్న మైకులోంచి 'నేనూ ఉన్నాను' అనాలని అనుకుని వచ్చాను. వాడికొక్కడికే వినపడేలా. ఎవరికీ తెలియకుండా. అదొక ప్రేమలేఖలా అనిపించింది పొద్దున్న. వేలు ఆ మైకు మీట మీద పెట్టుకునే ఉన్నాను.

ఎవరున్నారు. ఎవరున్నారు. ఎవరున్నారు.

అంతా ఆగింది. గాయకుడు అందంగా నవ్వి, మైకు జనం వైపు తిప్పాడు.

ముందు అమ్మమ్మ ఇంటివాళ్లు అరిచారు. తర్వాత వెనక వరసలు. పక్కన ఎవరో పెద్దాయన, ఎవరికి ఏమవుతాడో, వణికే గొంతుతో అరిచాడు. నాకు అప్పుడు తట్టింది. వాడికి ఇదేదీ వినపడటం లేదు. చెవుల్లో నేను పంపే తాళం తప్ప ఏమీ లేదు. ఇంతమంది ఒప్పుకుంటున్న మాట, వాడు అనలేక వాళ్లచేత అనిపిస్తున్న మాట, వాడి దాకా వెళ్లడమే లేదు. నేను కూడా ఇంతమందిలో మళ్లీ వాడి చెవిలో గుసగుసలాడబోతున్నాను.

మీట మీంచి వేలు తీశాను. స్టేజి అంచున జనం చప్పుడు కోసం పెట్టే మైకులుంటాయి. వాటి మీట పైకి తోసి, ఆ చప్పుడంతా వాడి చెవుల్లోకి పంపాను. లేచి నిలబడి అరిచాను.

"నేనూ ఉన్నాను!"

మా నాన్న పోయినప్పుడు కూడా అంత గట్టిగా అరవలేదు. అక్క నా చెయ్యి పట్టుకుంది. బావ నోరు తెరిచి మమ్మల్నిద్దర్నీ చూస్తున్నాడు. ముందు వరసలోంచి ఆ లెక్కల టీచరు వెనక్కి తిరిగి నన్ను చూసింది. తర్వాత స్టేజి వైపు తిరిగింది.

బీటు పడింది. వాడు అందుకోలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా తాళం తప్పని వాడు, మైకు అలాగే ముందుకి చాపి, చెవి మీద చెయ్యి పెట్టుకుని, నేరుగా నావైపు చూస్తూ నిలబడిపోయాడు. చివరి పల్లవి సగం వాడు లేకుండానే వెళ్లిపోయింది. అమ్మమ్మ ఇంటివాళ్లు పాడుకుంటూ ఆడుకుంటూ పోయారు, గాయకుడు ఆగాడని కూడా వాళ్లు గమనించలేదు.

ఇవాళ వార్తల్లో రాశారు, గాయకుడు భావోద్వేగంతో పాడలేకపోయారట. బాబాయి అన్నట్టే మంచి పేరొచ్చింది.

మార్చి 17

వాడు ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

బావ మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదని అక్క బాధపడింది. మూడు రోజులు కాలేదక్కా, రెండే అన్నాను. సాయంత్రం బావ పెరట్లోకి వచ్చి మొక్కలకి నీళ్లు పోశాడు. నావైపు చూడకుండా, "తొమ్మిదేళ్లు ఎండబెట్టింది మీ అక్క వీటిని," అన్నాడు.

మార్చి 23, ఆదివారం

ఆ అమ్మాయి ఫోన్ చేసింది. అన్నయ్యా అనలేదు.

"ఆదివారాలు ఆయనకి మీ దగ్గర రికార్డింగ్ ఉంటుందన్నారు. పెళ్లయ్యాక కూడా ఉంటుందట."

"ఇకమీద ఉండదమ్మా."

"ఇన్నాళ్లూ ఉన్నది రికార్డింగేనా?"

వాడి గొంతు మీద వాడి బతుకుంది. ఈ పిల్ల బతుకు ఎవరి గొంతు మీదుంది? "అది ఆయన్నే అడగండి. నాకున్న హక్కు నా సంగతి చెప్పడానికే. నా సంగతి ఆ రోజు విన్నారుగా," అన్నాను.

"అడిగితే చెబుతారా?"

"తెలియదమ్మా. నాకైతే ఒక్కసారే చెప్పాడు."

 ఫోన్ పెట్టేసింది. ఏడ్చిందో లేదో తెలియదు. నేను ఏడ్చాను, ఈసారి ఎవరి ఒళ్లూ లేకుండా.

మార్చి 29

పెళ్లి ఆగిందంటారు, వాయిదా అంటారు, అదేం లేదంటారు. నేను కనుక్కోలేదు. వాడి నంబరు నుంచి ఒక్కటే మెసేజ్ వచ్చింది. 'నువ్వలా అరవకుండా ఉండాల్సింది అన్నా.'

మేమిద్దరమే ఉన్న చోట కూడా అన్నా అన్నాడు.

ఏప్రిల్ 2

ఆ రోజు లెవెల్ ముక్కలో వాడు ఎలా అన్నాడో గుర్తు తెచ్చుకుందామని పొద్దున్నించీ కూర్చున్నాను. 'నేనూ' దగ్గర సాగదీశాడా? 'ఉన్నాను' దగ్గర గొంతు దించాడా? మీటరులో ముల్లు ఎక్కడిదాకా వెళ్లిందో గుర్తుంది. కుర్చీ కిర్రుమన్నది గుర్తుంది. గొంతే గుర్తు రావడం లేదు.

ఒక కాపీ దాచుకోవాల్సింది. లేదు. నిజంగానే లేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

అమ్మమ్మ వచ్చింది. పాట బాగా పోతోందట, ఇంకో రకంగా చెయ్యమంటున్నారట. ఆ ఖాళీలో తన గొంతు పెడతానంది. మంచిదన్నాను. ఆదివారం ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం ఇదే మొదలు. ఎర్రలైటు వేశాను. నిజంగా రికార్డింగు కోసం వేసి ఎన్నాళ్లయిందో.

అద్దం అవతల ఆవిడ హెడ్‌ఫోన్లు తలకిందులుగా పెట్టుకుంది. సరిచేసి వచ్చాను. రికార్డు నొక్కాను.

"ఏదో ఒకటి మాట్లాడండి అమ్మమ్మా, లెవెల్ చూసుకుంటా."

"ఏం మాట్లాడను?"

నేను మీటరు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ అద్దంలోంచి నన్ను చూసింది. చూసి, మైకు దగ్గరికి జరిగి అడిగింది:

"ఇవాళైనా తిన్నావా నాయనా?"

"లేదు," అన్నాను.

లెవెల్ సరిపోయింది. ఆ తర్వాత ఆవిడ ఒకే టేకులో ఇచ్చేసింది.

పనయ్యాక లెవెల్ ముక్క చెరిపేయడం నాకలవాటు. ఇవాళ్టిది చెరపలేదు.